నీళ్లు తాగని దారం

పద్మారాణి మోకాలి ఎక్స్‌రేను సూరత్‌లో ఇద్దరే పట్టిపట్టి చూశారు. ఒకరు డాక్టర్ కోమలి, రెండోవారు ఇంటి ఓనరు జయాబెన్. చూడాల్సిన మూడో మనిషి, అంటే కట్టుకున్న మొగుడు రాజమౌళి, దాన్ని కిటికీ వెలుతురుకు తలకిందులుగా పట్టుకొని "బొక్కలు మంచిగనే ఉన్నయి గదనే" అన్నాడు.

డాక్టర్ కోమలిది వరంగల్. ఆమె మాత్రం సరిగ్గానే చూసింది. "అమ్మా, మోకాల్ల గుజ్జు అరిగిపోయింది. ఇగ గొంతుక్కూర్చునుడు బంద్. నిలబడి చేసే పనులే చెయ్యాలె. మాట వింటే మందులతోటి గడుస్తది, వినకపోతే రెండేళ్లల్ల ఆపరేషనే" అని చెప్పింది. పద్మారాణి సరేనని తలూపి వచ్చింది. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు. ఇంట్లో గిన్నెలు తోమే చోటు నేల మీద ఉంది మరి.

వంటగది మూలన జానెడు ఎత్తు గట్టు కట్టి, గోడకు మోకాలెత్తున ఒక నల్లా బిగిస్తే దాన్ని సూరత్‌లో చోక్డీ అంటారు. గిన్నెలైనా బట్టలైనా అందులో గొంతుక్కూర్చొనే కడగాలి. పద్మారాణి కార్ఖానాల్లో పనిచేసే ఎనిమిది మంది తెలుగువాళ్లకు అన్నం డబ్బాలు కట్టి పంపుతుంది. డబ్బాకు మూడు గిన్నెలు, మూడు మూతలు, వండిన గుండిగలు, గరిటెలు సరేసరి. రోజుకు రెండున్నర గంటలు ఆ మూలనే ఆమె బతుకు. పదకొండేళ్లుగా అదే మూల, ఎదురుగా అదే గోడ.

సింకు పెట్టించుకోవాలని ఆమెకు నాలుగేళ్లుగా ఉంది. అడ్డం జయాబెన్. ఆవిడ చెడ్డదేం కాదు, పండక్కి ఉంధియూ కూర గిన్నెడు పైకి పంపే మనిషే. కానీ వాళ్ల వంటగదికి సరిగ్గా కిందనే ఆవిడ పని గది. మార్కెట్ నుంచి చీరలు తెచ్చుకొని, వాటి మీద మెరుపు రాళ్లు అతికించి ఇస్తుంది. జిగురు ఆరే దాకా చీరలన్నీ నేల మీద పరుపుల్లా పరిచి ఉంటాయి. వీళ్లకంటే ముందున్న కిరాయిదారు నీళ్ల మిషనేదో బిగించుకుంటే అది కారి, నెల రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది. జిగురు తడిసి రాళ్లన్నీ రాలిపోయాయి. అప్పటి నుంచి పైనున్నవాళ్లు గోడకు మేకు కొడతామన్నా ఆవిడ ఒప్పుకోదు.

అలాంటి జయాబెన్ ఎక్స్‌రేను సరిగ్గా పట్టుకొని, చాలాసేపు చూసి, తన మోకాలు ఒకసారి తడుముకుంది. పెట్టుకోండి అంది. వెంటనే చూపుడువేలు కూడా ఎత్తింది. "ఏక్ టీపుం పణ్ నహీ!" అంది. ఒక్క చుక్క కూడా పడొద్దని. పడిందా, ఆ సాయంత్రమే సింకు ఊడబీకాలి, మళ్లీ జన్మలో అడగకూడదు.

"పడదు మాసీ, పడదు" అని పద్మారాణి ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. ఆ రోజు మెట్లెక్కుతుంటే మోకాలు నొప్పి కూడా తెలియలేదు.

ఇక రాజమౌళి. సూరత్‌లోనే ఉధ్నాలో ఒక పాలిస్టర్ కార్ఖానాలో అతను మాస్టర్. నలభై ఎనిమిది సాంచెలకు, అంటే మరమగ్గాలకు, ఏ జబ్బు చేసినా అతనే వైద్యుడు. పెద్ద మెకానిక్‌నన్న గర్వం మనిషికి నెత్తి మీద తలపాగా లాంటిది, కనపడకపోయినా ఉంటుంది. ప్లంబర్‌ను పిలుద్దామని పద్మారాణి అనగానే అతను అన్నం కంచం ముందు నుంచి తలెత్తి చూశాడు.

"ఏందే, నలభై ఎనిమిది సాంచెలు నడిపేటోనికి ఒక్క సింకు బరువా? ప్లంబర్ అస్తే కార్ఖానల నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

"నీ మొకం ఎప్పుడుండే కాడనే పెట్టుకో. నాకు మాత్రం నీళ్లు కారొద్దు."

"కారితే నా పేరు మార్చు" అన్నాడు రాజమౌళి, అరచేతిలో వైకుంఠం చూపిస్తూ.

నిజం చెప్పాలంటే చాలా పని చక్కగానే చేశాడు. పనిమంతుడు కాడని అతని శత్రువులు కూడా అనరు. వారం ముందే ఇటుకలతో రెండు కాళ్లు కట్టి తడిపాడు. వాటి మీదకు నల్లరాయి తెచ్చాడు. ఆ రాయిని సూరత్‌లో కడప్పా అంటారు, మన కడప రాయని ఇక్కడ ఎవరికీ తెలియదు, చెప్పినా నమ్మరు. కాళ్లు కట్టకముందే, ఎంత ఎత్తని ఇటుకల దుకాణం వాడు అడిగితే, అందరికీ పెట్టే ఎత్తు చెప్పలేదు. ఇంటికొచ్చి పద్మారాణిని గోడకు ఆనుకొని నిలబడమన్నాడు. మోచేయి మడవమని, దాని కింద నాలుగు వేళ్లు దించి పెన్సిలు గీత గీశాడు. ఆమె పొట్టి మనిషి. తన కొలతతో ఒక వస్తువు తయారవడం రవిక తర్వాత ఇదే మొదటిసారని ఆమెకు అప్పుడు తోచింది. పైకేమీ అనలేదు, అంటే అతనింకా పెరిగిపోతాడు.

తప్పు జరిగింది హార్డ్‌వేర్ దుకాణంలో. పాత నల్లా మోకాలెత్తున ఉంది కదా, సింకు మీదకు రావాలంటే ఇనుప పైపు ముక్క కలిపి పైకి లేపాలి. పైపుకు పైపు బిగించేటప్పుడు కొసన ఉండే మరల మీద దారం చుట్టి, సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి బిగిస్తారు. లేకపోతే నీళ్లు సందుల్లోంచి కారతాయి. దుకాణం వాడు సఫేదా డబ్బీతో పాటు ఒక దారం ఉండ కూడా ముందు పెట్టాడు. రాజమౌళి ఆ ఉండను రెండు వేళ్లతో వెనక్కి నెట్టాడు.

"దారం నేను కొనుడా? అరే భాయ్, హమ్ దాగేవాలే హై" అన్నాడు నవ్వుతూ. దారం పుట్టించేవాళ్లం మేము, మాకే దారం అమ్ముతావా అని.

పద్మశాలి పుట్టుక పుట్టి, దుకాణంలో దారం కొని సంచిలో వేసుకొని పోవడం! చేపలు పట్టేవాడు చేపలు కొనుక్కున్నట్టే. కార్ఖానాలో దారం గుట్టలుగా పడి ఉంటుంది. మర్నాడు తెల్లగా నిగనిగలాడే పాలిస్టర్ దారం ఒక కోను డబ్బా సంచిలో పెట్టుకొని తెచ్చాడు. పద్మారాణి కూడా అప్పుడేమీ అనుకోలేదు. ఆమె ధ్యాసంతా సింకు మీదనే ఉంది.

ఆదివారం వచ్చింది. జయాబెన్ అన్నావదినలు కారేసుకొచ్చి ఆవిడను డుమస్‌కు తీసుకుపోయారు, సముద్రం ఒడ్డున టమాటా భజియా తిని సాయంత్రానికి వస్తారట. పోతూ పోతూ ఆవిడ పని గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. చీరలు ఇంకో చోటికి మార్చరాదా మాసీ అంటే, ఎక్కడికి, నా నెత్తి మీదకా అంది. ఉన్నది ఆ ఒక్క గదే, సోమవారం అప్పగించాల్సిన చీరలు అందులో ఆరుతున్నాయి. కారెక్కాక కూడా అద్దం దించి చూపుడువేలు ఎత్తి చూపించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు పని అయిపోయింది. స్టీలు సింకు నల్లరాతిలో అద్దంలా కూర్చుంది. రాజమౌళి పానా కింద పెట్టి, చెమట తుడుచుకొని, పెళ్లికూతురి చెయ్యి అప్పగిస్తున్నంత గంభీరంగా "ఇప్పు" అన్నాడు.

పద్మారాణి నల్లా తిప్పింది. నీళ్లు సర్రున వచ్చాయి. ఆమె ఒక గ్లాసు కడిగింది, మళ్లీ అదే గ్లాసు ఇంకోసారి కడిగింది. నడుం వంగలేదు, మోకాలు మడవలేదు. "మంచిగుంది" అంది. రాజమౌళికి అంతకంటే పెద్ద బిరుదు ఇచ్చేవాళ్లు లోకంలో లేరు, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తిన్న కంచాలు తెచ్చి సింకులో వేయబోతుంటే ఆమె కాలికి చల్లగా తగిలింది. కిందకు చూసింది. గోడా నేలా కలిసే చోట, పాత పైపు కిందకు దిగే బొక్క చుట్టూ నీళ్లు. అరచేతంత మడుగు. పైకి చూస్తే, కొత్తగా బిగించిన పైపు మెడ దగ్గర ముత్యాల్లా చుక్కలు పుడుతున్నాయి, పుట్టి జారుతున్నాయి, జారినవన్నీ గోడ వెంట ఆ బొక్కలోకే దారి వెతుక్కుంటున్నాయి. ఆ బొక్క కింద జయాబెన్ చీరలున్నాయి.

"ఓ నాయినో! బంద్ చెయ్యి! నల్లా బంద్ చెయ్యి!"

రాజమౌళి ఎంగిలి చేత్తోనే పరుగెత్తి పెద్ద వాల్వు కట్టేశాడు. పద్మారాణి చేతికి దొరికిన పాత చీర తీసుకొని, మోకాలు మాట మరిచి కూలబడి, బొక్క చుట్టూ తుడిచింది, అద్దింది, మళ్లీ తుడిచింది. లోపలికి ఎన్ని నీళ్లు పోయాయో తెలియదు. తాళం వేసిన గదిలోకి తొంగి చూసే దారీ లేదు. లేవబోతే మోకాల్లో సూది గుచ్చినట్టయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్క చుట్టు తక్కువ బిగిచ్చిన, గంతే" అన్నాడు రాజమౌళి. విప్పి, ఇంకా దారం చుట్టి, పానాతో ఊపిరి బిగబట్టి బిగించాడు. వాల్వు తిప్పితే చుక్కలు మళ్లీ పుట్టాయి. ఇంకోసారి విప్పాడు, దారం రెట్టింపు చుట్టాడు. ఈసారి చుక్కలు కాదు, సన్నటి ధారే వచ్చింది. పైపు మంచిది కాదన్నాడు, దాని మరలు సరిగ్గా కోయలేదన్నాడు, సఫేదా కల్తీదన్నాడు. ఆడలేనివాళ్లందరికీ మద్దెల ఓడుగానే వినపడుతుంది. చివరికి హార్డ్‌వేర్ దుకాణానికి పోయి ఆ దారం ఉండే కొనుక్కొస్తానని, తలవంచుకొని బండి తీశాడు. ఆదివారం రెండు దాటింది, దుకాణాలు తెరిచి ఉంటాయా అని పద్మారాణి అడగలేదు. అడిగితే అతనికి ఆ కాస్త ఆశ కూడా పోతుంది.

అతను పోయాక ఆమె స్టూలు లాక్కొని సింకు ముందు కూర్చుంది. గంటన్నర క్రితం ఎంత సంతోషపడిందో గుర్తొచ్చి తన మీద తనకే జాలేసింది. సాయంత్రం జయాబెన్ వస్తుంది, తాళం తీస్తుంది, చెయ్యెత్తి చూపిస్తుంది. సింకు ఊడుతుంది. రేపు పొద్దున మళ్లీ అదే మూల, అవే ఎనిమిది డబ్బాలు, రెండేళ్లకు ఆపరేషన్. ఏడుద్దామనుకుంది కానీ ఏడుపు కంటే కోపం ముందొచ్చింది. రాజమౌళి విప్పి పడేసిన దారం గుప్పెడు తీసి విసిరేయబోయింది.

అప్పుడు చేతికి తెలిసింది. ఇంతసేపు నీళ్లలో నానిన దారం, ఒక్కసారి విదిలిస్తే పొడిగా ఉంది. నీళ్లు దాని మీద నుంచి జారిపోయాయే కానీ లోపలికి పోలేదు. వేళ్ల మధ్య నలిపి చూసింది, ఎంత సన్నగా ఉండేదో అంతే సన్నగా ఉంది.

పద్మారాణి వేళ్లకు పాలిస్టర్ కంటే ముందు నూలు తెలుసు. సిరిసిల్లలో ఆమె తండ్రి చేతిమగ్గం మీద తువ్వాలలు నేసేవాడు. బడి నుంచి రాగానే ఆమె పని కండెలకు నూలు చుట్టడం. వానకాలంలో కండెలు తడిస్తే తండ్రి తిట్టేవాడు, నూలు నీళ్లు తాగి ఉబ్బి బిగుసుకుపోయేది, చాకుతో కోసినా ఊడేది కాదు. పైపు సందులో కావాల్సింది ఆ ఉబ్బడమే. నీళ్లు తాగే దారమైతే తాగి తాగి తానే దారి మూసేస్తుంది. ఈ పాలిస్టర్ దేవుడొచ్చి పోసినా గుటక వెయ్యదు.

రాజమౌళి ముఖం వేలాడేసుకొని వచ్చాడు. "అన్ని షట్టర్లు బంద్" అన్నాడు.

"దోషం పైపుది కాదు, నీ దారానిది" అంది పద్మారాణి. దారం అతని చేతిలో పెట్టింది. "పిండి చూడు. తడి ఉన్నదా? ఇది నీళ్లు తాగదు. నూలు కావాలె. నూలు ఉబ్బుతది."

రాజమౌళి దారాన్ని పిండాడు. విప్పాడు. పిండాడు. ఇరవై నాలుగేళ్లుగా రోజూ చేత్తో పట్టుకునే దారాన్ని ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "తప్పు నాదేనే" అన్నాడు. అతని నోట ఆ మాట పెళ్లయ్యాక ఇది రెండోసారో మూడోసారో.

"తప్పులెక్కలు తర్వాత. ముందు నూలు తియ్యి ఇంట్ల."

ఇద్దరూ ఇల్లంతా వెతికారు. నేత పని చేసే ఇల్లు, గుడ్డకు కరువు లేదు. ఆమె చీరలు పాలిస్టర్, అతని చొక్కాలు పాలిస్టర్, పరుపు మీది దుప్పటి, కిటికీ పరదా, ఆఖరికి పైజామా నాడా కూడా పాలిస్టర్. దీపం వత్తులు పత్తివే కానీ పట్టి లాగితే పీచు పీచుగా ఊడొచ్చాయి. సూరత్ అంతా వెతికినా ఇంతేనేమో అని రాజమౌళి మంచం మీద కూలబడ్డాడు.

పద్మారాణి చూపు దేవుని అర మీద ఆగింది. అక్కడ పసుపు గుడ్డలో చుట్టిన నూలు లడి ఉంది. రాఖీ పున్నమికి జంధ్యాలు మార్చుకోవాలి కదా, వాటి కోసం పోయిన నెల సిరిసిల్ల పెళ్లికి పోయినప్పుడు మేనమామ ఇచ్చి పంపిన నూలు. ఆమె లడి కిందకు దించుతుంటే రాజమౌళి మంచం మీద నుంచి ఎగిరి దూకాడు.

"అది జంధ్యాల నూలే! నల్లాకు చుడతవా? మన కులదైవం మార్కండేయుడు కండ్లు పోగొడతడు!"

"జంధ్యం అయినంక దేవునిది. కాకముందు సాలోల్లది" అంది పద్మారాణి. "మా నాయిన గిదే నూలుతోటి తువ్వాల నేసి, గా తువ్వాలతోటే చెమట తుడుసుకుండు. అప్పుడు దేవునికి కోపం రాలె. నేను మోకాల్లు అరగదీసుకొని తోముతుంటే దేవునికి మంచిగనిపిస్తదా? మూడు పోగులు చాలు. మిగిలింది ఏడున్నదో ఆడనే ఉంటది."

రాజమౌళి కాళ్లు కడుక్కొని వచ్చి, దేవుని పటానికి దండం పెట్టి, గొణుక్కుంటూ మూడు పోగులు తీశాడు. లడిని మళ్లీ పసుపు గుడ్డలో చుట్టి అరలో పెట్టాడు. అప్పుడు మరలకు అంటుకున్న పాలిస్టర్‌ను కుట్టుసూదితో గీకి గీకి తీసి, నూలును మర వెంబడి పొందిగ్గా చుట్టి, సఫేదా పూసి బిగించాడు. చుట్టేటప్పుడు అతని చేతులు మళ్లీ మాస్టర్ చేతులయ్యాయి. కొంచెం కూడా బలం ఎక్కువ పెట్టలేదు.

వాల్వు తిప్పారు. ఇద్దరూ పైపు మెడ దగ్గర తలలు ఆనించి చూశారు. ఒక చుక్క పుట్టింది.

రాజమౌళి పానా అందుకున్నాడు. పద్మారాణి అతని మణికట్టు పట్టుకుంది. "జర ఆగు. తాగనియ్యి."

చుక్క కాస్త లావైంది. జారుతుందా అనిపించింది. జారలేదు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోయాడు. చుక్క అక్కడే ఉంది, ఇంకొకటి దాని పక్కన చేరలేదు. పద్మారాణి చూపుడువేలితో దాన్ని తుడిచేసింది. మళ్లీ చూశారు. రాలేదు. పది నిమిషాలైనా రాలేదు. పావుగంటకు రాజమౌళి పొడి కాగితం తెచ్చి పైపు చుట్టూ తిప్పి, కాగితాన్ని బుగ్గకు ఆనించుకొని, "తడి లేదే" అన్నాడు, చిన్నపిల్లాడిలా. పోయిన ప్రాణాలు లేచొచ్చాయి. ఇద్దరూ నేల మీద కాళ్లు బార్లా చాపుకొని గోడకు చేరగిలబడ్డారు.

పైన మరమ్మతైంది సరే, కింద సంగతి? ఆరు దాటాక వీధి చివర కారు హారన్ వినపడగానే రాజమౌళి తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించాడు. "చెప్పకే. ఈపాటికి ఎండిపోయే ఉంటది. అడిగితే సూద్దాం."

పద్మారాణి మెట్లు దిగింది. ఒక్కో మెట్టుకూ ఒక్కో మాట మనసులో వచ్చి పోయింది. చెప్తే సింకు పోతుంది. చెప్పకపోతే ఉండొచ్చు. ఉంటే, రేపటి నుంచి ఆ సింకు ముందు నిలబడ్డ ప్రతిసారీ కింద చీరలేమయ్యాయోనన్న భయమే ఉంటుంది. మోకాలు బాగుపడి మనసు అరిగిపోతే ఏం లాభం? జయాబెన్ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసేసరికి ఆమె ఆవిడ పక్కన నిలబడి ఉంది.

"మాసీ, తప్పయింది" అంది హిందీలో. "మధ్యాహ్నం నీళ్లు కారినయి. అన్నం తిని లేచేంతసేపు. మొదటి దారం మంచిది కాదు. మార్చినం. ఇప్పుడు కారుతలేవు. కిందకు ఎన్ని పోయినయో నాకు తెల్వదు."

జయాబెన్ చేతిలోని భజియా పొట్లం మెట్టు మీద పెట్టేసింది. తర్వాత తాళం తీసి, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పోయి, లైటు వేసింది. పద్మారాణి గడప మీదే ఆగిపోయింది.

పైకప్పు మూలన తడి మరక ఉంది. పూరీ అంత. జయాబెన్ దాని కింద ఉన్న చీరను ఎత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అంచు నుంచి అంచు దాకా చేత్తో నిమిరింది. దాని పక్క చీర. ఆ పక్క చీర. ఒక్కో రాయినీ గోటితో కదిపి చూసింది. ఏదీ ఊడలేదు. మరక నుంచి చుక్క కిందకు పడలేదు, పడబోయి ఆగింది. పద్మారాణి ఎన్ని దేవుళ్ల పేర్లు తలుచుకుందో ఆమెకే తెలియదు.

జయాబెన్ స్టూలెక్కి, చీరల మీద గుర్తులు పెట్టుకునే సుద్దతో ఆ మరక చుట్టూ గీత గీసింది. దిగి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఇంతకు ముందున్నవాడు నీళ్లు కారాయని నాలుగు రోజులు చెప్పలేదట, ఆ రోజే చెప్పి ఉంటే సగం చీరలైనా దక్కేవట. నువ్వు తాళం తీయకముందే చెప్పావు అంది, అటు తిరిగి. గొంతులో కోపమే ఉంది, కానీ ఎవరి మీదో పద్మారాణికి అర్థం కాలేదు. తర్వాత ఆవిడ కుర్చీ లాక్కొని మరక కింద కూర్చుంది. పైకి పో, ఉన్న గిన్నెలన్నీ కడుగు, నల్లా ఆపొద్దు, నేను ఇక్కడ కూర్చొని చూస్తా అంది. గీత దాటి తడి వచ్చిందో, అరుస్తా. ఆ అరుపుతో సింకు కూడా పోతుంది.

పద్మారాణి పైకి పోయింది. ఆదివారమైనా పొద్దున పంపిన ఎనిమిది డబ్బాలు తిరిగొచ్చి ఉన్నాయి. మధ్యాహ్నానికి వండిన గుండిగ, బూరెలమూకుడు, చారు గిన్నె, ఎంగిలి కంచాలు అన్నీ సింకులో, రాతి మీద పేర్చింది. నల్లా పూర్తిగా తిప్పింది. ఒక్కో గిన్నె తోముతుంటే చెవి మాత్రం కిందనే ఉంది. వీధిలో ఎవరు అరిచినా చెయ్యి ఆగిపోయేది. రాజమౌళి పైపు మెడ దగ్గరే కాపలా కూర్చున్నాడు, వేలు దాని మీద నుంచి తీయలేదు.

నాలుగు డబ్బాలయ్యాయి. ఆరయ్యాయి. కింద నుంచి ఏ అరుపూ లేదు. గుండిగ తోమి బోర్లించింది. చివరి గరిటె కడుగుతుండగా కింద మెట్ల దగ్గర నుంచి జయాబెన్ గొంతు గట్టిగా వినపడింది.

"పద్మా! సూకుం ఛే! సారుం ఛే!"

పొడిగా ఉంది, బాగుంది. రాజమౌళి పైపు మీద వేలు తీసి, ఆ వేలునే చూసుకుంటూ "అమ్మయ్య" అన్నాడు. సింకు ఇక ఎవరూ ఊడదీయరు. పద్మారాణి నల్లా కట్టేసింది, చేతులు విదిలించుకుంది, పని అయిపోయింది.

పని అయిపోగానే ఆమె ఎడమ చెయ్యి దానంతట అదే పక్క గోడకేసి పోయింది. పళ్లు బిగుసుకున్నాయి, నోట్లోకి "అమ్మా" అనే మాట సగం వచ్చింది. పదకొండేళ్లుగా గిన్నెలైపోయాక గోడ పట్టుకొని లేవడం ఆ చేతికి అలవాటు. గోడ చల్లగా తగిలాక ఆమె తనను తాను చూసుకుంది.

లేవడానికేముంది, నిలబడే ఉంది.

ఆమె గోడ మీది చెయ్యి తీయకుండా అలాగే నిలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఏమైందే, మోకాలు నొప్పా అని రాజమౌళి కంగారుగా లేచాడు. కాదని తల అడ్డంగా ఊపి, "నొప్పి లేదయ్యా" అంది పద్మారాణి. "ఏం లేదు."